కాటా గది మామ్మ

మొన్న గురువారం మధ్యాహ్నం సమాధుల తోటలో ఉన్నవాళ్లు, ఉన్నవి: పాస్టరుగారు, ఆయన చేతిలో గరగరలాడే మైకు, మిర్చి పని మానుకుని వచ్చిన ఆడవాళ్లు నలభై మందికి పైగా, మా కోల్డ్ స్టోరేజీ హమాలీలు తొమ్మిది మంది, మా గుమస్తా, కర్రపెట్టె ఒకటి, దాని మీద బంతిపూల దండలు ఆరు, ఒక మూల చిరిగిన అద్దె షామియానా, నీళ్ల డ్రమ్ము, నేను, నా ఏడేళ్ల కూతురు. ఇంకా పిల్లలు. పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టాను. మొదట ఇరవై ఎనిమిది, తర్వాత ముప్ఫై ఒకటి వచ్చింది. మూడోసారి లెక్కపెట్టలేదు. "లెక్కబెడితే పిల్లలు కదుల్తారు బాబూ. గింజలు కదలవు" అని ఆ పెట్టెలో ఉన్న మనిషి నాకు నాలుగేళ్ల కిందటే చెప్పింది.

ఆమె అంటే నాకు గౌరవం అని రాద్దామని కూర్చున్నాను. వరస ప్రకారం రాయాలంటే అది రెండోది. మొదటిది అసూయ. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సత్తెనపల్లి ఊరు దాటగానే రోడ్డు పక్కనున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో నేను యంత్రాలు చూస్తాను. కాయలు చల్లగదుల్లోకి వెళ్లే ముందు పక్కనున్న షెడ్డులో ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరతారు, అంటే రంగు పోయి తెల్లబడిన కాయలు తీసేస్తారు. తొడిమలు తుంచుతారు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇదే పని. తల్లులు వస్తే పిల్లలూ వస్తారు. కానీ ఆ షెడ్డులో ఘాటుకి పెద్దవాళ్లే ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు. అందుకని గేటు దగ్గర, కొత్త కాటా వేశాక మూలపడిన పాత లారీ కాటా గదిలో పిల్లల్ని ఉంచేవాళ్లు. వాళ్ల దగ్గర ఆమె ఉండేది. ఒకప్పుడు తనూ ఏరిన మనిషే, నడుం పట్టేశాక ఇటు మారింది. ఆమె కూలి ఆ ఆడవాళ్లే తలా కాస్త వేసుకుని ఇచ్చేవాళ్లు. పిల్లలు ఆమెని మామ్మ అనేవాళ్లు. తల్లులు పెద్దమ్మా అనేవాళ్లు.

నేను మొదటిసారి ఆ గదిలోకి తొంగి చూసినప్పుడు కనబడినవి: చీర ఉయ్యాలలు నాలుగు, పిల్లలు ఇరవై మంది దాకా, ఏడుస్తున్నవాళ్లు ఆరుగురు, ఒకరి మీద ఒకరు పడి ఎందుకో వాళ్లకే తెలియకుండా నవ్వుతున్నవాళ్లు ఏడుగురు, నెత్తిన సత్తు గిన్నె బోర్లించుకుని గోడని ఢీకొడుతున్నవాడు ఒకడు, చొక్కా మాత్రమే ఉన్నవాడు ఒకడు, ఎవరిదో తెలియని కోడిపిల్ల. బయట పాత కాటా ఇనప పలక మీద ముగ్గురు లారీలై హారన్లు కొడుతున్నారు. నా ఫోన్లో శబ్దం కొలిచాను. మా కంప్రెసర్ గది కన్నా నాలుగు డెసిబెల్స్ తక్కువ, అంతే.

ఆ మధ్యలో ఆమె కాళ్లు బార్లా చాపుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. పిక్కల మీద ఒక పిల్ల నిద్రపోతోంది. ఇంకొకడు ఆమె భుజం ఎక్కి జుట్టు ముడి విప్పుతున్నాడు. ఆమె ఏమీ చెయ్యడం లేదు. ఆ "ఏమీ చెయ్యకపోవడం" నాకు ఎప్పటికీ అంతుబట్టలేదు. ఎవరినీ గట్టిగా పిలిచేది కాదు. ఎవడైనా మరీ మితిమీరితే వాడివైపు చూడకుండానే, "ఒరే, నీ అంతవాడివి నువ్వేలే, ఇట్రా" అనేది. వాడు వచ్చేవాడు. అదే మాట నేను ఇంట్లో నా కూతురి మీద వాడి చూశాను. పని చెయ్యలేదు.

నా కూతురి పేరు తన్వి. ఆ పేరు కోసం నేను, మా ఆవిడ మూడు వారాలు కష్టపడ్డాం. అరవై పేర్లు రాసుకుని మార్కులు వేసుకున్నాం. మా ఆవిడ బ్యాంకులో పని చేస్తుంది. పాపని చూసుకునే మా అత్తగారు మోకాళ్ల నొప్పులని ఒంగోలు వెళ్లిపోయారు. అప్పుడు తన్వికి మూడేళ్లు. కొన్నాళ్లు నాతోపాటు ఆఫీసుకి తీసుకెళదామనుకున్నాను. నా గదిలో చిన్న పరుపు, రంగు పెన్సిళ్లు, టాబ్లెట్లో బొమ్మలు, అన్నీ సిద్ధం చేశాను. మొదటి రోజు నలభై నిమిషాలు కూర్చుంది. ఆ తర్వాత హారన్లు వినబడిన వైపు నడిచి వెళ్లిపోయింది. నేను వెనకాల వెళ్లాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి పోయి ఆ గుంపులో కలిసిపోయింది. ఏ చెయ్యి తనదో, ఏ కాలు తనదో తెలియనట్టు.

"ఎవరి పిల్ల బాబూ ఇది?"

"నాదండి."

"బుడ్డది బాగుంది. ఉండనియ్యండి బుడ్డమ్మని."

అంతే, బుడ్డమ్మ అయిపోయింది. వారం తిరిగేసరికి ఇంట్లో తన్వీ అంటే తల తిప్పేది కాదు. బుడ్డమ్మా అంటే పలికేది. మూడు వారాలు, అరవై పేర్లు.

అన్నం సంగతి ఇంకా ఘోరం. మా ఇంట్లో తన్వికి అయిదు చెంచాల పప్పన్నం పెట్టడానికి సగటున యాభై నిమిషాలు పట్టేది. కాటా గదిలో మధ్యాహ్నం పన్నెండున్నరకి పిల్లలందరూ గుండ్రంగా కూర్చునేవాళ్లు. తల్లులు తెచ్చిన కారేజీలన్నీ ఒకే పెద్ద బేసిన్లోకి వంపి, గోంగూర, పప్పు, చారు, ఎవరింటిది ఏదో తెలియకుండా కలిపేది. ముద్దలు చేసి ఒక చివర నుంచి మొదలుపెట్టేది. ఏ నోరు తెరిచి ఉంటే ఆ నోట్లో. మూసి ఉన్న నోటి దగ్గర ఆగేది కాదు. "ఇది అలిగింది. పోనీ, దీని ముద్ద పక్కోడికి" అని దాటిపోయేది. రెండో చుట్టుకి ఆ నోరు తెరుచుకుని ఉండేది. నా కూతురు ఎనిమిది ముద్దలు తింది. పదకొండు నిమిషాలు. వాచీ చూశాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఇంట్లో తినదండీ. ఏం చెయ్యమంటారు?"

"ఒక్కతే ఉంటే ఏం తింటది బాబూ? పోటీ ఏదీ?"

"ఒక్కతే కదండీ మాకున్నది."

"ఆఁ. మరి మీరు నోరు తెరుస్తున్నారా?"

షెడ్డులోంచి వచ్చి పక్కన నీళ్లు తాగుతున్న, ఆ పిల్లల్లో ఒకతైన రోజీ వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ రాత్రి నేను నోరు తెరిచాను. మా ఆవిడ నన్ను చూసి కంగారు పడింది. తన్వి మాత్రం ఒక ముద్ద తింది.

చేతుల విషయంలో ఆమె మొండిది. కాయలు ఏరిన చెయ్యి పిల్ల కంటికి తగిలితే ఎలా ఉంటుందో ఆ తల్లులందరికీ తెలుసు. అయినా పని దిగగానే ఆత్రంగా ఎత్తుకోబోయేవాళ్లు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడేది. బయట ఒక బకెట్లో మజ్జిగ నీళ్లు, సీసాలో శెనగనూనె ఉండేవి. ముందు మజ్జిగ, తర్వాత సబ్బు, తర్వాత నూనె. ఆ పైన ఒక్కొక్కరి వేళ్లు పట్టుకుని వాసన చూసేది. "ఇంకా కొడతంది, మళ్లీ కడుగు" అని వెనక్కి పంపేది. నేను కాయ ముట్టుకునేవాణ్ణి కాదు. ఆ మాటే చెప్పాను.

"మీ చేతులకి ఏం అంటిందో మీకేం తెల్సుద్ది బాబూ. కడగండి."

బి.టెక్. చదివి, నా వంతు కోసం వరసలో నిలబడి, రోజూ సాయంత్రం మజ్జిగతో చేతులు కడుక్కుని వేళ్లు వాసన చూపించాను.

ఇప్పుడు గింజలు. గోడకి ఒక గుడ్డసంచీ వేలాడుతూ ఉండేది, నిండా చింతగింజలు. కిటికీలో పాత పాలపొడి డబ్బా. పొద్దున పిల్లని దింపినవాళ్లు సంచీలోంచి ఒక గింజ తీసి డబ్బాలో వెయ్యాలి. సాయంత్రం పిల్లని తీసుకుపోయేవాళ్లు డబ్బాలోంచి ఒక గింజ తీసి సంచీలో వెయ్యాలి. ఆమె వేసేది కాదు, తీసేది కాదు. ఎవరి చెయ్యి వాళ్లదే. అందరూ వెళ్లాక డబ్బా బోర్లించి అడుగున మూడుసార్లు కొట్టేది. ఏమీ రాలకపోతేనే తలుపు దగ్గరికి వేసి ఇంటికి బయల్దేరేది. నేను ఒక రిజిస్టరు తయారుచేసి ఇచ్చాను. పేరు, వయసు, తల్లి ఫోను నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. చాలా సంతోషించింది. మర్నాటికి అందులో ఆరు పేజీలు పడవలయ్యాయి. మిగతావాటితో ఆమె ఉయ్యాలలోని పిల్లలకి విసురుతోంది.

నాకు అసలు మంటగా ఉన్నది సాయంత్రాలు. నేను వెళ్లగానే తన్వి ఆమె వెనకాల దాక్కునేది. "రాను. మామ్మ దగ్గరుంటా" అని చీర కుచ్చిళ్లలో మొహం దూర్చేది. నేను లాగాలి. అది ఏడవాలి. ఇరవై మంది పిల్లలు చూడాలి. తల్లులు చేతులు కడుక్కుంటూ చూడాలి. "ఏందమ్మా బుడ్డమ్మా, నాన్నంటే అంత భయమా?" అని ఎవరో ఒకరు అనాలి. భయం కాదు. భయమైతే బాగుండేది. రోజూ నేను ఒక పండగలోంచి దాన్ని ఈడ్చుకుపోతున్నవాణ్ణి. పిల్లల్ని ఇంత గోల మధ్య ఉంచకూడదని మా ఆవిడతో అన్నాను. దుమ్ము, ఘాటు, కోడిపిల్ల అని మూడు కారణాలు చెప్పాను. నాలుగోది చెప్పలేదు.

ఏప్రిల్లో ఒక శనివారం. కంప్రెసర్ గాస్కెట్ కోసం మధ్యాహ్నం గుంటూరు వెళ్తున్నానని పొద్దునే గుమస్తాతో చెప్పాను. రెండింటికి దుకాణంవాళ్లు ఫోన్ చేసి సరుకు రాలేదన్నారు. వెళ్లడం మానేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మూడింటికి కాటా గది వైపు వెళ్లాను. గది వెనక ఆమె ఎవరికో స్నానం చేయిస్తోంది. చెంబు చప్పుడు, "కళ్లు మూసుకోరా దొంగా" అన్న ఆమె గొంతు వినబడుతున్నాయి. మిగతా పిల్లలు ఆ వేడుక చూడ్డానికి అటే పోయారు. తన్వి ఒక్కతే ఇనప పలక దగ్గర సీసా మూతలో ఇసక పోస్తోంది. ఎత్తుకున్నాను. ఆమె ఎదురుగా లేదు కాబట్టి ఏడవలేదు.

డబ్బా కిటికీలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. మర్చిపోయానని తర్వాత అందరికీ చెప్పాను, మా ఆవిడతో సహా. మర్చిపోలేదు. చూశాను. వదిలేశాను. సాయంత్రం ఒక గింజ మిగిలితే, నా కూతురు కనబడకపోతే ఎలా ఉంటుందో ఆమెకి ఒక్క పది నిమిషాలు తెలియాలి అనుకున్నాను. పది నిమిషాలే అనుకున్నాను. వెనకవైపు లారీల గేటు నుంచి బండి తీశాను. ఫోను సైలెంట్‌లో పెట్టాను.

సత్తెనపల్లి బస్టాండు దగ్గర ఒక ఐస్‌క్రీం కొట్లో కూర్చున్నాం. కుర్చీలు నాలుగు, మేం ఇద్దరం. కప్పు ముందు పెట్టగానే తన్వి చుట్టూ చూసింది.

"రోజీకి?"

"రోజీ ఇక్కడ లేదు కదమ్మా. నువ్వు తిను."

"కోటిగాడికి?"

"లేడమ్మా."

చెక్క చెంచాతో కాస్త తీసి నా నోటి దగ్గర పెట్టింది. "ఆఁ అను." అన్నాను. నా జీవితంలో అంత తియ్యటిది తినలేదు. అది సరిగ్గా ఒక్క చెంచాసేపు. రెండో చెంచా తీసి, నా పక్క ఖాళీ కుర్చీ ముందు గాల్లో పట్టుకుని "ఆఁ అను" అంది. ఐస్‌క్రీం కుర్చీ మీద పడింది. మూడో చెంచా నాలుగో కుర్చీకి. చుట్టు పూర్తయ్యాక మళ్లీ నా వంతు వచ్చింది.

ఆరు దాటాక ఇంటికి వెళ్లాం. మా ఆవిడ బ్యాంకు నుంచి వచ్చిన చీరతోనే, చెప్పుల్లేకుండా మెట్ల మీద నిలబడి ఉంది. దగ్గరికి వచ్చి పాపని లాక్కుంది. నా ఫోన్లో మిస్డ్ కాల్స్ ముప్ఫై ఏడు.

"మర్చిపోయాను" అన్నాను.

అక్కడ జరిగింది తర్వాత రోజీ వాళ్లమ్మ చెప్పింది. అయిదింటికి ముందే బుడ్డమ్మ కనబడటం లేదని మామ్మ గమనించింది. నేను తీసుకెళ్లి ఉంటానని ఎవరో అన్నారు. ఆమె డబ్బాలో గింజలు లెక్కబెట్టి చూపించింది. "గింజ ఉంది. తీసుకెళ్లలా" అంది. నేను గుంటూరులో ఉన్నానని గుమస్తా చెప్పాడు. ఇక షెడ్డులో ఒక్కరు కూర్చోలేదు. చేతులు కడుక్కోకుండానే పరిగెత్తారు. పత్తి కట్టె పీకిన చేలల్లో, టిక్కీలు పేర్చిన వసారాల్లో, టిక్కీలంటే మిరపకాయల బస్తాలు, వాటి సందుల్లో, లారీల కింద వెతికారు. చివరికి కూలింగ్ టవర్ కింద నీళ్ల తొట్టి గుర్తొచ్చింది. దాని మీద ఇనప జాలీ ఒక చోట ఊడిపోయిందని నేనే పోయిన నెల కాగితం రాసి ఇచ్చి ఉన్నాను. ఒక హమాలీ మూడుసార్లు మునిగి చూశాడు. నాలుగోసారి వాడు వద్దంటున్నా ఆమె మెట్లు దిగింది. గుండెల దాకా నీళ్లలో నిలబడి కాళ్లతో అడుగంతా తడిమింది.

సందె వేళకి మా ఇంటి ముందు ఆటో ఆగింది. ముందు రోజీ వాళ్లమ్మ దిగింది. వెనక ఆమె. తడి చీర ఒంటికి అంటుకుపోయి, చేతిలో పాలపొడి డబ్బా.

"బుడ్డమ్మా" అంది గుమ్మం బయట నుంచే.

తన్వి మా ఆవిడ చంకలోంచి జారి పరిగెత్తింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "ముట్టుకోమాక తల్లీ. చేతులు కడుక్కోలా నేను. ఆడ నీళ్లు మంచియి కావు." తన్వి ఆగిపోయింది. అది ఎవరి మాటకీ అలా ఆగడం నేను చూడలేదు.

"చదువుకున్నోళ్లకి గింజ తియ్యడం రాదా అండీ?" అంది రోజీ వాళ్లమ్మ. ఆమె కళ్లు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. కారం చేతులతో ఏడిస్తే అలాగే ఉంటాయి.

"నువ్వూరుకో" అని మామ్మ డబ్బా నా ముందుకి చాపింది. "తియ్యండి బాబూ."

"మర్చిపోయానండీ. ఏదో హడావుడిలో..."

"తియ్యండి. మీరు తీస్తేగానీ నేను ఇంటికి పోను."

తీశాను. గింజ తడిగా ఉంది. ఆమె డబ్బా బోర్లించి మూడుసార్లు కొట్టి, ఏమీ రాలకపోవడం చూసి, వెళ్లిపోయింది. అరిచి ఉంటే నాకు సులువయ్యేది.

సోమవారం పాపని తీసుకెళ్లాలా వద్దా అని మా ఆవిడా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. వెళ్లాను. రానివ్వదనుకున్నాను. ఆమె సంచీ వైపు చూపించింది. జేబులో ఉన్న శనివారం గింజ తీసి డబ్బాలో వేశాను. తన్వి లోపలికి పోయింది. కోటిగాడు దాన్ని కింద పడేశాడు. అది వాణ్ణి కొరికింది. ఇద్దరూ నవ్వారు.

నిలబడి ఉన్నాను. క్షమించమని అడగడానికి మాటలు పేర్చుకుంటున్నాను.

"మర్చిపోలేదుగా మీరు?" అంది ఆమె, ఒక పిల్ల జడ అల్లుతూ, నావైపు చూడకుండా.

"లేదండి."

"నాకు తెల్సు." జడ చివర రబ్బరు బ్యాండు వేసింది. "రెండేళ్లు పోతే దీనికి నా మొహం గుర్తుండదు బాబూ. ఈ గదిలోంచి పోయినోళ్లు ఎంతమందో. బజార్లో ఎదురొస్తారు. పక్కనుంచి పోతారు. మీ మొహం ఉండిపోద్ది దానికి. ఆ మాత్రం దానికి మీకెందుకు బాబూ అంత తొందర?"

ఆ సాయంత్రం కూడా తన్వి కుచ్చిళ్లలో దూరింది. నేను లాగలేదు. అందరూ వెళ్లేదాకా గడప మీద కూర్చున్నాను. మా గింజే ఆఖరిది. ఆ తర్వాత రెండు సీజన్లూ అలాగే కూర్చున్నాను. ఆ గోలంతా ఒక్కొక్కటిగా ఇళ్లకి వెళ్లిపోవడం చూశాను. అసూయ తగ్గలేదు. కాకపోతే అది ఎవరి మీదో తెలియడం మానేసింది. ఆ గదిలోకి ఆమె అడుగుపెడితే ఇరవై మొహాలు తిరిగేవి. మా ఇంట్లో నేను తలుపు తీస్తే ఒక్క మొహం తిరుగుతుంది, అదీ టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడు.

తన్వి బడిలో చేరింది. కాటా గదికి వెళ్లడం ఆగిపోయింది. మొన్న గురువారం దాన్ని బడి మాన్పించి సమాధుల తోటకి తీసుకెళ్లాను. పెట్టె మూయబోయే ముందు ఎత్తుకుని చూపించాను.

"ఎవరు నాన్నా?" అంది మెల్లగా.

"మామ్మ. నిన్ను బుడ్డమ్మా అనేది."

చాలా శ్రద్ధగా చూసింది. తల అడ్డంగా ఊపింది. "తెలీదు."

నాకు మొదట కలిగింది బాధ కాదు. గెలిచానన్న భావం. సుమారు మూడు సెకన్లు ఉంది. దాన్ని ఇక్కడ రాయకుండా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. నాలుగో సెకనుకి చుట్టూ చూశాను. ఈ ఏడాది ఆమె దగ్గరున్న పిల్లలు పెట్టె అంచు పట్టుకుని వేలాడుతున్నారు. ఒకడు ఆమె జుట్టు ముడి సర్దుతున్నాడు. వాళ్లకి ఆ మొహం ఇంకా తెలుసు. ఇంకో రెండేళ్లదాకా తెలుస్తుంది. వాళ్ల మీద నాకు అసూయ కలిగింది. పైగా ఆమె చెప్పింది అక్షరాలా నిజమైంది. అది నిజం కాకుండా ఉంటే బాగుండునని, తన్వి ఒక్కసారి మామ్మా అని ఏడిస్తే బాగుండునని నేను కోరుకోవడం మొదలుపెట్టాను. అది ఏడవలేదు. పిల్లల్లోకి వెళ్లి ఎవరితోనో మట్టిగడ్డలు విసిరే ఆట ఆడింది.

బుధవారం సాయంత్రం మామూలుగానే అందరినీ పంపిందని, ఇంటికెళ్లి అన్నం తిని పడుకుందని, మళ్లీ లేవలేదని రోజీ వాళ్లమ్మ చెప్పింది. విన్నదాన్ని కొలిచి చూడందే నమ్మే అలవాటు నాకు లేదు. పూడ్చిపెట్టడం అయ్యాక తన్విని ఇంట్లో దింపి కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. షెడ్డు మూసి ఉంది. కాటా గది తలుపు దగ్గరికి వేసి ఉంది. ఉయ్యాలలు ముడేసి పైకి కట్టి ఉన్నాయి. గది అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు. బకెట్లో ఆ ముందురోజు మజ్జిగ నీళ్లు మిగిలి ఉన్నాయి. చేతులు కడుక్కున్నాను. కిటికీలోంచి డబ్బా తీసి, బోర్లించి, అడుగున మూడుసార్లు కొట్టాను.

సున్నా.